ది విచర్ ఆటపై భిన్నాభిప్రాయాలు

ది విచర్ అనునది పోలండ్ దేశానికి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ కంప్యూటర్ కొరకు రూపొందించిన రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్. ఇది 2007 అక్టోబరు నెలలో విడుదలైనది. పోలిష్ రచయిత ఆంద్జెయ్ సప్కోవ్‌స్కీ సృష్టించిన గెరాల్ట్ అనే పాత్ర దీనికి ఆధారం. రక్తపాతం, లైంగిక సన్నివేశాలు, మద్యపానం మొదలైన విషయాలుండుట వలన ఉత్తర అమెరికాలో దీనిని 17 సంవత్సరాలు నిండినవారికి మాత్రమే తగినదిగా వర్గీకరించారు. ఈ ఆట సృష్టించినన్ని అభిప్రాయభేదాలు ఆ దశాబ్దంలో వచ్చిన రోల్ ప్లేయింగ్ ఆటలలో బహు కొద్దివాటికే కలిగినవి. ఆ భేదాలలో కొన్ని యుద్ధ పద్ధతి, చిత్రాల నాణ్యత వంటి సాంకేతిక విషయాలకు చెందినవి. అసలైన వివాదం మాత్రం "పెద్దల ఆట" అనే మాటకు అర్థమేమిటన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

నేపథ్యం

విచర్లు అనగా బాల్యంలోనే ఔషధాల ద్వారా శరీర మార్పులకు లోనై, కూలి తీసుకొని రాక్షస జీవులను వేటాడే వృత్తివారు. వీరి గురించి సప్కోవ్‌స్కీ వ్రాసిన మొదటి కథ 1986లో ఫాంటాస్టికా అనే పోలిష్ పత్రికలో ప్రచురితమైనది. తరువాత కథాసంపుటాలు, నవలలు వెలువడినవి. ఈ రచనలలో మనుషులు ఎల్ఫులను, మరుగుజ్జు జాతివారిని నగరపు అంచులకు నెట్టివేస్తారు. ఎల్ఫులలో కొందరు అడవులలో చేరి తిరుగుబాటు చేస్తారు. ఎవరి పక్షమూ వహించకుండా తన పని తాను చేసుకొనిపోవాలని కోరుకొనే గెరాల్ట్‌కు అది సాధ్యం కాకపోవడమే ఆ కథలకు మూలసూత్రం.

ఆటలోని కథ నవలలు ముగిసిన తరువాత మొదలవుతుంది. గతమంతా మరచిపోయిన గెరాల్ట్ తన గురుపీఠమైన కేర్ మోర్హెన్ కోటకు చేరుకుంటాడు. సాలమాండ్రా అనే ముఠా ఆ కోటపై దాడి చేసి విచర్ల రహస్య ఔషధాలను దొంగిలిస్తుంది. వారిని వెదుకుతూ గెరాల్ట్ టెమేరియా రాజ్యపు రాజధాని విజిమా నగరానికి వెళతాడు. ఒక ఉపోద్ఘాతం, అయిదు అధ్యాయాలు, ఒక ముగింపుగా కథ నడుస్తుంది. నగరంలో ఒకవైపు ఫ్లేమింగ్ రోజ్ అనే సైనిక మతసంఘం, మరొకవైపు స్కొయాటెల్ అనే ఎల్ఫుల తిరుగుబాటు దళం ఉంటాయి. ఆటగాడు ఈ రెండింటిలో ఒకదానిని బలపరచవచ్చు, లేదా తటస్థంగా ఉండవచ్చు. తటస్థతను ఎంచుకున్నవాడు చివరకు రెండు పక్షాల కత్తులనూ ఎదుర్కొనవలసి వస్తుంది.

నిర్ణయాలు, వాటి ఫలితాలు

ఆటను మెచ్చుకొనేవారు ముందుగా ప్రస్తావించేది ఈ అంశాన్నే. అంతకుముందు వచ్చిన అనేక ఆటలలో మంచి చెడులు కొలమానంపై అంకెలుగా కనిపించేవి. భిక్షగానికి నాణెం వేస్తే పుణ్యం పెరుగును, దొంగిలిస్తే తగ్గును. ది విచర్‌లో అటువంటి కొలమానం లేదు. అంతేగాక నిర్ణయానికి ఫలితం వెంటనే కనిపించదు. ఫలితం నచ్చనిచో వెనుకటి చోటు నుండి మరల ఆడే అలవాటు ఆటగాళ్ళకు ఉన్నది. ఫలితం గంటల తరువాత వచ్చినపుడు ఆ అలవాటు పనికిరాదు.

మొదటి అధ్యాయంలో హారెన్ అనే వ్యాపారి నదీతీరాన ఉన్న తన సరకును రాత్రివేళ కాపలా కాయమని గెరాల్ట్‌ను కోరతాడు. కొంతసేపటికి ఎల్ఫులు వచ్చి ఆ పెట్టెలు తమవని చెప్తారు. వాటిని ఇచ్చివేయవచ్చు, లేదా ఎల్ఫులతో పోరాడవచ్చు. ఇచ్చివేసినవారు రెండవ అధ్యాయంలో ఒక సమాచారం కొరకు మత్తుపదార్థాల వ్యాపారి అయిన కోల్‌మన్‌ను వెదుకుతూ వెళ్ళినపుడు అతడు శవమై కనిపిస్తాడు. అతనిని చంపినవి ఆ పెట్టెలలోని ఆయుధాలే. ఇటువంటి సందర్భాలలో రేఖాచిత్రాల వంటి దృశ్యాలతో గెరాల్ట్ తన పాత నిర్ణయాన్ని గుర్తుకు తెచ్చుకుంటాడు.

అదే అధ్యాయపు చివర వచ్చే అబిగెయిల్ ఘట్టం ఆటగాళ్ళ మధ్య అత్యధికంగా చర్చకు వచ్చినది. విజిమా పొలిమేరలోని గ్రామాన్ని రాత్రులందు ఒక భూతశునకం పీడిస్తుంటుంది. మంత్రసాని వంటి అబిగెయిల్ వలననే ఈ పీడ వచ్చిందని మతగురువు, ఊరిపెద్దలు ఆమెను చంపబోతారు. గెరాల్ట్ విచారించగా ఊరివారి పాపాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఓడో అనేవాడు సొంత అన్నదమ్ముని చంపాడు. కావలివాడైన మికుల్ ఒక యువతిపై అత్యాచారం చేయగా ఆమె విషం త్రాగి మరణించింది. హారెన్ లాభం కొరకు ఆయుధాలు అమ్మాడు. మతగురువు కన్నకూతురినే ఇంటినుండి వెళ్ళగొట్టాడు. అయితే ఆ యువతికి విషం అమ్మినది అబిగెయిలే. ఆమెను గ్రామస్తులకు అప్పగిస్తే ప్రాణం దక్కదు. కాపాడితే గ్రామస్తులతో కత్తి దూయవలసి వస్తుంది.

ఆమె దోషియా కాదా అన్నదానిపై ఆట తీర్పు చెప్పదు. అడిగినవారికి విషం అమ్మిన మాత్రాన హత్య చేసినట్లు కాదని కొందరు వాదిస్తారు. ఎవరికెందుకో తెలిసి అమ్మినది కనుక ఆమె చేతులు కూడా శుభ్రమైనవి కావని మరికొందరి వాదన. మూడవ వర్గంవారి విమర్శ ఆసక్తికరమైనది. ఊరివారందరినీ నీచులుగా చూపి, వారి ఎదుట ఒంటరి స్త్రీని నిలబెట్టిన రచయితలు పైకి తటస్థంగా కనిపిస్తూనే ఆటగాని చేయి పట్టుకొని ఒకే దారిన నడిపించారని వీరంటారు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. కాపాడిన అబిగెయిల్ నాలుగవ అధ్యాయంలో తిరిగి కనిపిస్తుంది. గ్రామస్తుల వైపు నిలిచిన ఆటగానికి అటువంటి ప్రతిఫలమేదీ లేదు.

రెండవ అధ్యాయంలోని నేరపరిశోధనపై కూడా భిన్నాభిప్రాయాలు కలవు. సాలమాండ్రా ముఠాకు సహకరిస్తున్నది ఎవరన్నది కనుగొనుటకు గెరాల్ట్ పలువురు అనుమానితులను విచారిస్తాడు. వైద్యురాలు షాని సాయంతో శవపరీక్ష కూడా చేయవలసి ఉంటుంది. తగిన గ్రంథాలు చదవక, ఆధారాలు సేకరించక శవపరీక్షకు పూనుకొంటే తప్పుడు నిర్ధారణకు చేరుకుంటాడు, అయినను కథ ముందుకు సాగుతుంది. ఆటగాడు పొరపాటుపడే హక్కును గుర్తించిన ఘట్టమిదని దీనిని ప్రశంసించేవారు కలరు. నగరానికీ చిత్తడినేలకూ మధ్య పడవలో పదేపదే తిరగవలసి రావడంతో విసిగి, ఇక్కడే ఆటను విడిచిపెట్టినవారూ కలరు.

చిత్రపటాల వివాదం

ఈ ఆటలో గెరాల్ట్ పలువురు స్త్రీలతో శారీరక సంబంధం పెట్టుకొనవచ్చును. అట్టి ప్రతి సందర్భంలో ఆ స్త్రీని చిత్రించిన పటం ఒకటి ఆటగానికి లభిస్తుంది. పేకముక్కల వలె వీటిని సేకరించుకొని ఎప్పుడైనను చూసుకొనవచ్చు. కొన్ని పటాలకు కథతో సంబంధమే ఉండదు. దారిన పోయే స్త్రీకి చిన్న బహుమతి ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడితే చాలును. ఉత్తర అమెరికాలో విడుదలైన ప్రతులలో ఈ పటాలలోని నగ్నత్వాన్ని కప్పివేశారు. 2009లో అక్కడివారికి కూడా మూలరూపం అందుబాటులోకి వచ్చినది.

సమర్థకులు నవలలనే సాక్ష్యంగా చూపుతారు. పుస్తకాలలోని గెరాల్ట్ బ్రహ్మచారి కాడు. ఔషధాల ప్రభావం వలన విచర్లకు సంతానయోగ్యత ఉండదు, రోగాలు సోకవు. కనుక ఆ లోకంలో ఇది సహజమేనని వారి వాదన. పటాలు అసభ్యంగా కాక చిత్రకళారీతిలో ఉన్నవని, బలవంతం ఎక్కడా లేదని కూడా అంటారు.

విమర్శకుల అభ్యంతరం నగ్నత్వంపై కాదు, సేకరణపై. మనిషిని పటంగా మార్చి సంచిలో వేసుకొనడం యువకుల ఊహలకు తగినదే తప్ప పెద్దల రచనకు తగినది కాదని వీరి అభిప్రాయం. ఆటలోని మిగిలిన భాగం ఏ ప్రమాణాన్ని నెలకొల్పిందో ఆ ప్రమాణంతోనే కొలిచినచో ఈ విమర్శకు బలం ఎక్కువ. ఒక పెట్టెను ఎవరికి ఇచ్చావన్నది పది గంటల తరువాత కూడా గుర్తుపెట్టుకొనే ఆట, ఒక స్త్రీతో గడిపిన రాత్రిని మాత్రం పటం చేతికి రాగానే మరచిపోతుంది. చాలావరకు ఆ స్త్రీలు మరునాడు ఏమీ జరగనట్లే పలకరిస్తారు.

దీనికి ఒక మినహాయింపు కలదు. మూడవ అధ్యాయంలో ఆల్విన్ అనే అనాథ బాలుని సంరక్షణను మాంత్రికురాలు ట్రిస్ మెరిగోల్డ్‌కు గాని షానికి గాని అప్పగించవలసి ఉంటుంది. ఒకరిని ఎంచుకొంటే మరొకరు దూరమవుతారు. పటాలను అసహ్యించుకొనే ఆటగాళ్ళు కూడా ఈ ఘట్టాన్ని మెచ్చుకొనడం గమనార్హం. 2011లో వచ్చిన రెండవ ఆటలో పటాల పద్ధతిని తొలగించారు.

యుద్ధం, రసాయనవిద్య

యుద్ధపద్ధతి విషయంలో రాజీకి తావు కనిపించదు. గెరాల్ట్ వద్ద మనుషులకు ఉక్కు కత్తి, రాక్షసజీవులకు వెండి కత్తి ఉంటాయి. ఒక్కొక్కదానికి బలమైన, వేగవంతమైన, సామూహికమైన అని మూడు శైలులు కలవు. సూచిక వెలిగిన క్షణంలో మౌస్ నొక్కినచో దెబ్బ తరువాత దెబ్బ కొనసాగుతుంది. ఇది తాళం వేసినట్లున్నదని ఇష్టపడినవారున్నారు. గంటల తరబడి ఒకే మీట నొక్కడమేనని ఈసడించినవారే ఎక్కువ.

రసాయనవిద్యకు మాత్రం విమర్శకుల నుండి కూడా మెప్పు లభించినది. కషాయాలు కాయుటకు ఘాటైన మద్యం, మంట కావాలి. ఒక జీవిని గురించి గ్రంథంలో చదవనిదే దాని దేహం నుండి పనికివచ్చే పదార్థాన్ని తీసుకొనలేరు. కషాయాలు ఎక్కువగా త్రాగితే శరీరంలో విషం పెరుగుతుంది. కఠిన స్థాయిలో ఈ విద్య లేనిదే నిలబడుట కష్టం. సులభ స్థాయిలో ఆడినవారికి దీని అవసరం అంతగా కలగదు. ఆటలో లోతు లేదనేవారు, ఉన్నదనేవారు వేర్వేరు స్థాయిలలో ఆడి ఉండవచ్చు.

ఒకే పేరుతో వేర్వేరు ఆటలు

అభిప్రాయభేదాలకు ఒక స్థూలమైన కారణం కూడా కలదు. అందరూ ఆడినది ఒకే ఆట కాదు. 2007 నాటి ఆంగ్ల ప్రతిలో సంభాషణలను బాగా కుదించారు. ఫలితంగా పాత్రలు పొంతన లేకుండా, పెడసరిగా మాట్లాడుతున్నట్లు అనిపించేది. పోలిష్ భాషలో ఆడినవారికి ఈ లోపం లేదు. రచనను పోలిష్ ఆటగాళ్ళు శ్లాఘిస్తుండగా ఆంగ్ల ఆటగాళ్ళు పెదవి విరచుటకు ఇది ముఖ్య కారణం. బయోవేర్ సంస్థ వారి అరోరా ఇంజన్‌ను మార్పులు చేసి వాడిన ఈ ఆటలో ఒక ఇంటి తలుపు తెరచినా చాలాసేపు వేచి ఉండవలసి వచ్చేది. వేర్వేరు వ్యక్తులకు అవే ముఖాలు కనిపించేవి.

2008 సెప్టెంబరులో మెరుగుపరచిన ప్రతి విడుదలైనది. ఇందులో 5,000కు పైగా ఆంగ్ల సంభాషణలను తిరిగి వ్రాసి ధ్వనిముద్రణ చేశారు. రెండు వందలకు పైగా కొత్త హావభావాలు చేర్చారు. నిరీక్షణ సమయాన్ని తగ్గించారు. పాత ప్రతిని కొన్నవారికి ఈ మార్పులన్నీ ఉచితంగా అందించడం ఆ సంస్థకు మంచి పేరు తెచ్చినది. విమర్శకుల సమీక్షలను క్రోడీకరించే మెటాక్రిటిక్‌లో మొదటి ప్రతికి 81, మెరుగుపరచిన ప్రతికి 86 మార్కులు లభించినవి.

నవలల పాఠకులు

నవలలు చదివినవారి అసంతృప్తి మరొక తీరుది. గెరాల్ట్ జీవితంలో ప్రధాన స్త్రీ అయిన యెన్నెఫర్ ఈ ఆటలో కనిపించదు. ఆమెకు నవలలలో దక్కిన స్థానాన్ని ట్రిస్ ఆక్రమించిందని, జ్ఞాపకశక్తి పోవడమన్నది అందుకొక సాకు మాత్రమేనని వారి ఆరోపణ. నవలలు చదవని ఆటగాళ్ళకు ఆ మతిమరుపే మేలు చేసినది. గెరాల్ట్‌కు తెలియనిది వారికీ తెలియదు కనుక ఇద్దరూ కలిసి నేర్చుకుంటారు. సప్కోవ్‌స్కీ ఆటలను తన రచనలకు కొనసాగింపుగా పరిగణించలేదు.

ముగింపుపై చర్చ

ముగింపులో గెరాల్ట్ ఎదుర్కొనే ప్రత్యర్థి ఫ్లేమింగ్ రోజ్ సంఘాధిపతి జాక్ డి ఆల్డర్స్‌బర్గ్. ఇతడు మంచుతో కప్పబడిన భవిష్యత్తును చూశానని, మానవజాతిని కాపాడుటకే ఘోరాలు చేశానని చెప్తాడు. కాలంలో ప్రయాణించగల శక్తి కలిగి, కథ మధ్యలో అదృశ్యమైన బాలుడు ఆల్విన్ ఇతడేనా అన్నది ఆటలో ఎక్కడా సూటిగా చెప్పబడలేదు. బాలునికి గెరాల్ట్ ఇచ్చిన తాయెత్తు వంటిదే ఇతని వద్ద దొరుకుతుంది. బాలునితో గెరాల్ట్ అన్న మాటలను ఇతడు తిరిగి వల్లిస్తాడు. ఆల్విన్‌కు చేసిన బోధను కాలక్షేపపు సంభాషణగా భావించి ఏదో ఒకటి ఎంచుకున్న ఆటగానికి ఆ మాటలే శత్రువు నోట వినిపిస్తాయి.

ఈ సంగతి గమనించినవారు ఆటను మరల మొదటినుండి ఆడినట్లు చెప్పుకొనడం కద్దు. గమనించనివారికి చివరి అధ్యాయాలు తొందరగా ముగించినట్లు, ప్రతినాయకుడు హఠాత్తుగా ఊడిపడినట్లు తోచినవి. ఇంత ముఖ్యమైన విషయాన్ని సూచనగా వదిలివేయడం పాఠకుని తెలివిపై గౌరవమా, కథనంలో లోపమా అన్నదానిపై ఏకాభిప్రాయం కుదరలేదు.

2022 అక్టోబరు 26న ఈ ఆటను అన్‌రియల్ ఇంజన్ 5తో పునర్నిర్మించనున్నట్లు సీడీ ప్రాజెక్ట్ రెడ్ ప్రకటించినది. ఆ పనిని పోలండ్‌కే చెందిన ఫూల్స్ థియరీ సంస్థకు అప్పగించారు. యుద్ధపద్ధతిని మార్చవలెనన్నదానిపై ఆటగాళ్ళలో పెద్దగా విభేదం రాలేదు. అబిగెయిల్ ఘట్టాన్ని, చిత్రపటాలను ఏమి చేయవలెనన్న చర్చ మాత్రం ఆ ప్రకటనతో మరల మొదలైనది.