మందుపెట్టె మీద 'యూకే ఓన్లీ' ఎందుకు?

బ్రిటన్‌లో ఈమధ్య మందుల షాపులో ఇచ్చే పెట్టెల మీద 'యూకే ఓన్లీ' అని అచ్చవుతోంది. చూడగానే ఇదేదో వేరే రకం మందేమోనన్న అనుమానం రావచ్చు. మందు అదే. అది ఎంతవరకు వెళ్లొచ్చో చెప్పే గీత మాత్రం కొత్తగా పడింది.

ఆ గీత కథ ఉత్తర ఐర్లండ్‌తో మొదలవుతుంది. 2020 చివరితో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నిబంధనల నుంచి పూర్తిగా బయటపడింది. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగమే అయినా దాని సరిహద్దు అవతల ఉన్న ఐర్లండ్ యూనియన్‌లోనే ఉంది. ఆ సరిహద్దులో తనిఖీలు పెడితే, దశాబ్దాల హింస తర్వాత 1998 ఒప్పందంతో కుదిరిన శాంతికే ముప్పు. అందుకని ఉత్తర ఐర్లండ్‌లో సరుకులకు, వాటితోపాటు మందులకు, యూరప్ నిబంధనలనే ఉంచారు.

దాంతో ఒకే దేశంలో రెండు రకాల లైసెన్సులు వచ్చాయి. అప్పట్లో పెట్టె మీది లైసెన్సు నంబరు ముందు 'పీఎల్‌జీబీ' అని ఉంటే ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు. 'పీఎల్‌ఎన్‌ఐ' అని ఉంటే ఉత్తర ఐర్లండ్‌కు. నకిలీల బెడద తప్పించడానికి 2019 ఫిబ్రవరి 9 నుంచి యూరప్‌లో డాక్టరు చీటీతో ఇచ్చే మందుల్లో దాదాపు అన్నిటికీ ప్రతి పెట్టెకూ విడి కోడ్, విప్పితే తెలిసిపోయే సీలు ఉండాలి. ఈ నియమం బ్రిటన్ ప్రధాన భూభాగంలో రద్దయింది, ఉత్తర ఐర్లండ్‌లో 2024 చివరి దాకా మిగిలింది. అక్కడి జనాభా దాదాపు 19 లక్షలు. అంత చిన్న మార్కెట్ కోసం వేరే డిజైను, వేరే ప్రింటింగు, వేరే నిల్వ అంటే ఏ కంపెనీకైనా బరువే. లాభం తక్కువగా ఉండే జనరిక్ మందులకైతే మరీను. సరఫరా ఆగిపోతుందన్న భయంతో 2022లో యూరోపియన్ యూనియన్ తన చట్టాన్నే సడలించాల్సి వచ్చింది.

అసలు పరిష్కారం బ్రిటన్, యూరోపియన్ యూనియన్ కలిసి 2023 ఫిబ్రవరి 27న ప్రకటించిన విండ్సర్ ఒప్పందంతో దొరికింది. 2025 జనవరి 1 నుంచి దేశమంతటికీ బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ ఇచ్చే లైసెన్సే చాలు. బదులుగా, ఆ మందులు ఐర్లండ్ మీదుగా యూరప్‌లోకి జారిపోకుండా ప్రతి పెట్టె మీద 'యూకే ఓన్లీ' ఉండాలి. మొదటి ఆరు నెలలు స్టిక్కర్‌కు అనుమతిచ్చారు. ఆ తర్వాత పెట్టె మీదే అచ్చు వేయాలన్నారు.

ఈ మార్పుల బరువు మన దాకా వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన అరబిందో ఫార్మా బ్రిటన్‌లో మిల్‌ఫార్మ్ పేరుతో మందులు అమ్ముతుంది. వాటిలో పలు మందుల కరపత్రం చివర లైసెన్సుదారు చిరునామా లండన్‌లోని రైస్లిప్‌ది, తయారీదారుగా చూపే చిరునామా యూరోపియన్ యూనియన్‌లోని మాల్టాది. ప్రతి బ్యాచ్‌నూ అర్హుడైన నిపుణుడు పరీక్షా ఫలితాలు చూసి, సంతకం చేసి విడుదల చేయాలి. యూరప్‌లో చేసిన ఆ సంతకాన్ని బ్రిటన్ ఒప్పుకుంటోంది. బ్రిటన్‌లో చేసినదాన్ని యూరప్ మామూలుగా ఒప్పుకోదు. రెండుచోట్లా అమ్మేవాళ్లకు మాల్టా లాంటి చోటు విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఇందులో నష్టపోయింది ఐర్లండ్ అని నా అభిప్రాయం. చిన్న దేశం కావడంతో ఎన్నో మందులకు బ్రిటన్‌తో కలిపి ఒకే పెట్టె వాడుకునేది. 'యూకే ఓన్లీ' పడ్డ పెట్టెను అక్కడ అమ్మడానికి వీల్లేదు. ఉత్తర ఐర్లండ్ రోగులకు మాత్రం ఈ మార్పు నిజమైన ఊరట.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మాట: 2025కు ముందే మార్కెట్లోకి వచ్చిన పెట్టెల మీద ఆ రెండు మాటలు ఉండకపోవచ్చు. గడువు తేదీ దాటనంతవరకు వాటిని అమ్మవచ్చు, వాడవచ్చు. సందేహముంటే మందు మానేయకుండా ఫార్మసిస్టును అడగండి.