పంటి మీద రూమ్ షేరింగ్: బ్యాక్టీరియాకి ఫంగస్ తోడైతే?

అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చి రూమ్ షేర్ చేసుకున్నవాళ్లకి ఈ ఎపిసోడ్ ఈజీగా అర్థమవుతుంది. ఒకడు వంట చూసుకుంటే ఇంకొకడు రెంట్ చూసుకుంటాడు. పంటి మీద కూడా ఇదే నడుస్తోంది.

పొద్దున లేవగానే పళ్ల మీద నాలుక పెడితే జిగురుగా తగులుతుంది కదా? అదే పాచి. సైన్స్‌లో బయోఫిల్మ్ అంటారు. అంటే సూక్ష్మజీవులు చుట్టూ జిగురు గోడ కట్టుకుని గుంపుగా బతకడం.

ఇందులో పేరుమోసిన బ్యాక్టీరియా స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. చక్కెర దొరికితే రెండు పనులు చేస్తుంది: యాసిడ్ వదులుతుంది, జిగురు తయారు చేస్తుంది. ఆ యాసిడే ఎనామిల్‌ని కరిగిస్తుంది. దీని రూమ్‌మేట్ క్యాండిడా ఆల్బికన్స్ అనే ఫంగస్. బ్యాక్టీరియా ఎంజైమ్ వెళ్లి ఫంగస్ ఒంటికే అంటుకుని అక్కడే జిగురు చేస్తుంది. పైగా చక్కెరని విడగొట్టి ఫంగస్‌కి తిండి కూడా పెడుతుంది.

అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన హ్యున్ కూ టీమ్ 2014లో ఎలుకల మీద చూసింది. రెండూ కలిసినప్పుడు పళ్లు ఇంకా ఘోరంగా పుచ్చిపోయాయి. 2022లో ఇంకో షాక్! పళ్లు బాగా పుచ్చిన చిన్నపిల్లల లాలాజలంలో ఈ రెండూ కలిసిన గుంపులు దొరికాయి. ఫంగస్ పోగులు కాళ్లలా పనిచేసి, బ్యాక్టీరియాని మోసుకుంటూ పంటి మీద ముందుకి జరుగుతున్నాయి. విడివిడిగా ఉన్నప్పటికంటే ఇలా కలిస్తే మందులకీ లొంగవు, ఊడగొట్టడమూ కష్టం.

ఇప్పుడు అసలు విషయం. మీ అక్క వాళ్ల పాప రాత్రి చక్కెర పాల సీసా నోట్లో పెట్టుకునే పడుకుంటోందా? నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. అంటే ఆ ఇద్దరికీ రాత్రంతా విందే. "పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే" అనకండి. వెనక పాలపళ్లు పదేళ్లు దాటేదాకా ఉండాలి. పుచ్చితే పాప తినలేదు, నిద్రపోలేదు.

ఏం చేయాలి?

• సీసాతో పడుకోబెట్టొద్దు. పాలల్లో చక్కెర వద్దు.
• మొదటి పన్ను రాగానే బ్రష్ మొదలుపెట్టాలి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్ట్ చాలు.
• చిగురు దగ్గర సుద్దలా తెల్లటి మచ్చ కనిపిస్తే వెంటనే డెంటిస్ట్‌కి చూపించండి. గుంట పడకముందైతే ఆపే ఛాన్స్ ఉంది.

ప్రైవేట్‌లో ఖర్చు భయమా? అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ హాస్పిటల్ ఉంది. అమీర్‌పేటలో రెడ్ లైన్ మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే, అక్కడి నుంచి ఆటోలో కొంచెం దూరమే.

ఇది మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఈరోజే పెట్టండి. ఏ డౌట్ ఉన్నా కామెంట్‌లో అడగండి. ఉంటా మరి, బై!