బండ ఎవరు?

ఆర్సీయం (రోమన్ కథోలిక్) ఇంటి పిల్ల లూథరన్ ఇంటికి కోడలిగా వెళ్లడం గుంటూరు వైపు కొత్త కాదు. అలాంటి ఇంట్లో అల్మరా తెరిస్తే రెండు బైబిళ్లు కనిపిస్తాయి. ఒకటి కాస్త లావు. అందులో 73 పుస్తకాలు, రెండోదాంట్లో 66. తోబితు, యూదితు, మక్కబీయులు వంటివి లావుపాటి దాంట్లోనే ఉంటాయి. దేవుడి మాట ఒకటే అయితే ఇందులో ఎక్కువెందుకున్నాయని పిల్లలు అడుగుతారు. ‘వాళ్లది వేరు, మనది వేరు’ అని పెద్దలు మాట దాటేస్తారు. దాటేయాల్సిన ప్రశ్న కాదది.

1519 వేసవిలో జర్మనీలోని లైప్‌జిగ్ కోటలో ఇదే ప్రశ్న లేచింది. ఒకవైపు సంస్కర్త మార్టిన్ లూథర్, ఎదుట రోమ్ పక్షాన యోహాన్ ఎక్. చనిపోయినవారి కోసం ప్రార్థించవచ్చని చెప్పడానికి ఎక్ మక్కబీయుల గ్రంథం చూపించాడు. ఆ గ్రంథానికి ప్రామాణిక లేఖనాల స్థాయి లేదన్నాడు లూథర్. మరి ఏది లేఖనమో, ఏది కాదో తేల్చిందెవరు? శ్రీసభే (కథోలిక సంఘమే) కదా, దాన్ని కాదని లేఖనాన్ని ఎలా పట్టుకుంటారని కథోలికులు ఈనాటికీ అడుగుతారు. తేలిగ్గా తోసేయగల వాదన కాదిది.

ఎక్ అసలు దెబ్బ వేరేచోట కొట్టాడు. వందేళ్ల కిందట, 1415లో, కాన్‌స్టెన్స్ మహాసభ చెక్ బోధకుడు యాన్ హుస్‌ను మతద్రోహిగా తేల్చి మంటలకు అప్పగించింది. ఆ హుస్ బోధల్లో కొన్ని సువార్తకు తగినవేనని లూథర్ చేత అందరి ముందూ అనిపించాడు. అంటే మహాసభ కూడా పొరబడగలదన్నమాట. ఆ మాట పైకి అన్నాక లూథర్‌కు వెనక్కి దారి లేకపోయింది.

ఆ వాదంలో మళ్లీమళ్లీ వచ్చిన చోటు మత్తయి సువార్త 16వ అధ్యాయం. సీమోనును పేతురు అని పిలిచి, బండ మీద తన సంఘాన్ని కడతానంటాడు యేసు. తెలుగులో చదివితే ఇందులోని శ్లేష అందదు. మనకు పేతురు ఒక మాట, బండ ఇంకో మాట. గ్రీకులో పెత్రోస్, పెత్రా ఒకే మూలం నుంచి వచ్చినవి. యేసు మాట్లాడిన అరామిక్‌లోనైతే రెంటికీ ‘కేఫా’ ఒక్కటే. కాబట్టి బండ పేతురే, పోపు అతని వారసుడే అంటుంది రోమ్. పేతురు ఒప్పుకున్న విశ్వాసమే బండ అంటారు ప్రొటెస్టెంట్లు. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాలో తలెత్తి చూస్తే గోపురం లోపల, బంగారు నేపథ్యం మీద ఆ వాక్యమే కనిపిస్తుంది. అక్షరాలు చాలా పెద్దవి.

ఇరుపక్షాలూ నెత్తిన పెట్టుకునే ప్రాచీన గురువు అగస్టీన్ మాత్రం, ఒకప్పుడు బండ పేతురు అన్నాడు, తర్వాత క్రీస్తు అన్నాడు. ముసలితనంలో తన రచనలను తానే దిద్దుకుంటూ, ఏది సరైనదో పాఠకుడే ఎంచుకోవచ్చని రాశాడు. అంత పెద్ద గురువు అలా వదిలేయడం నాకు బలహీనతగా తోచదు. ఆ నిజాయితీ తర్వాతి శతాబ్దాల్లో ఇంకాస్త మిగిలి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

లేఖనమే చాలన్నవాళ్లకైనా ఏకాభిప్రాయం కుదిరిందా? 1529 అక్టోబరులో మార్బుర్గ్‌లో లూథర్, స్విస్ సంస్కర్త జ్వింగ్లీ కలుసుకున్నారు. రొట్టెను చూపి క్రీస్తు తన శరీరమన్న మాటను లూథర్ సుద్దతో బల్ల మీద లాటిన్‌లో రాసుకున్నాడు. అందులోని ‘ఎస్ట్’ (‘అయి ఉంది’) అన్న చిన్న క్రియ దగ్గర పేచీ. నిజంగానే శరీరమని లూథర్, శరీరాన్ని సూచిస్తుందని జ్వింగ్లీ. తెలుగు వాక్యంలో ఆ క్రియే రాదు. మనం దాన్ని చెప్పకుండానే అర్థం చేసుకుంటాం. 15 అంశాల్లో 14 కుదిరాయి. చివరిదాంట్లో ఈ ముక్క మిగిలింది.

1546లో ట్రెంట్ మహాసభ లేఖనంతో పాటు సంప్రదాయాన్నీ సమాన గౌరవంతో స్వీకరిస్తామని ప్రకటించింది. శ్రీసభ చెప్పే అర్థానికి విరుద్ధంగా లేఖనానికి ఎవరూ సొంత అర్థం చెప్పకూడదంది. 1870 జులై 18న, బయట ఉరుములు మెరుపుల మధ్య, మొదటి వాటికన్ మహాసభ ఇంకా ముందుకెళ్లింది. విశ్వాసం, నైతికత విషయాల్లో పోపు తన పీఠం నుంచి అధికారికంగా నిర్ణయించిన బోధ పొరబడదని 533 మంది ఓటేశారు. కాదన్నది ఇద్దరే. అంతకుముందే యాభై మందికి పైగా బిషప్పులు ఊరు విడిచి వెళ్లారు. పోపు ముఖం మీదే కాదనడం ఇష్టంలేక. పోపు నోటి నుంచి వచ్చే ప్రతి మాటా తప్పులేనిదని ఆ తీర్మానం అనలేదు. ఈ సంగతి కథోలికుల్లోనే చాలామందికి తెలియదు. 1965లో రెండో వాటికన్ మహాసభ, బోధనాధికారం దేవుని వాక్కుకు పైన లేదని, దానికి సేవ చేసేదేనని రాసింది. ఆ ఒక్క వాక్యం కోసం లైప్‌జిగ్ నుంచి 446 ఏళ్లు పట్టింది.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బుర్గ్‌లో కథోలికులు, లూథరన్లు విశ్వాసం వల్ల నీతిమంతులవడంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. అర్థం చెప్పే చివరి హక్కెవరిదన్నది అందులో తేలలేదు.

మన ఊళ్లలో ఒకరు సంఘం అంటారు, ఒకరు శ్రీసభ అంటారు. ఒకరికి ప్రభువు బల్ల, ఇంకొకరికి దివ్యబలిపూజ. వియ్యపురాలి ఇంట్లో ఆర్సీయం పెళ్లికి వెళ్లిన లూథరన్ అత్తగారు ముందు వరుసలోనే కూర్చుంటుంది. సత్ప్రసాదం వేళ అందరూ లేచి వరుస కడతారు. ఆవిడ చెంగు సర్దుకుని, తల వంచి, కూర్చున్నచోటే ఉంటుంది.