ముగియని రికార్డింగులో ముందుకీ వెనక్కీ

హైదరాబాదులో రాత్రి ఎనిమిదిన్నరకు సీరియల్ మొదలైతే, కువైట్‌లో అప్పటికి సాయంత్రం ఆరు. జాబ్రియాలో, నాలుగో రింగు రోడ్డుకీ ఐదో రింగు రోడ్డుకీ మధ్యనున్న ఇళ్ళలో వంటకో డ్రైవింగుకో కుదిరిన కడప, గోదావరి జిల్లాల వాళ్ళకు అది డ్యూటీ వేళ. పిల్లల్ని ట్యూషన్ నుంచి తేవాలి, మేడమ్ పిలిస్తే పలకాలి. ఆరూ ఇరవైకి గదికి చేరేసరికి కథ సగం దాటిపోతుంది. మొత్తం రికార్డయ్యేదాకా ఆగి చూడవచ్చు. లేదా అటు రికార్డవుతూ ఉండగానే ఇటు మొదటి నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టవచ్చు. చూడ్డానికి ఎంతో మామూలుగా కనిపించే ఈ రెండో పని యంత్రాలకు పట్టుబడటానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

అసలు వీడియో రికార్డింగుకు తొలి గిరాకీ వచ్చిందే గడియారాల తేడా వల్ల. న్యూయార్కుకీ లాస్ ఏంజెలెస్‌కీ మధ్య 3 గంటల తేడా. చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వంలో ఆంపెక్స్ కంపెనీ ఇంజనీర్లు తయారుచేసిన టేపు యంత్రాన్ని సీబీఎస్ సంస్థ 1956 నవంబరు 30న మొదటిసారి ప్రసారానికి వాడింది. తూర్పు తీరంలో సాయంత్రం చదివిన వార్తల్ని పట్టి ఉంచి, పడమటి తీరంలో అక్కడి సాయంత్రానికి మళ్ళీ వేసింది. 2 అంగుళాల వెడల్పు టేపు మీద నాలుగు హెడ్లు నిమిషానికి 14,400 సార్లు తిరిగేవి. అయితే టేపుది ఒకటే దారి. ముందుకు పోతూ రాసుకుంటున్నప్పుడు వెనక్కి తిప్పి చూపించలేదు. చూడాలంటే రాయడం ఆపాలి.

ఆ బంధనం తెంచింది తిరిగే డిస్కు. డిస్కు మీద హెడ్ ఎక్కడి నుంచి ఎక్కడికైనా క్షణంలో జరగగలదు. 1967లో ఆంపెక్స్ హెచ్‌ఎస్-100 గడిచిన 30 సెకన్ల ఆటను డిస్కు మీద నిలిపి, నెమ్మదిగా తిప్పి చూపింది. 1994లో బెల్జియంలో పుట్టిన ఈవీఎస్ కంపెనీ హార్డు డిస్కు యంత్రాలతో ఆట రికార్డింగు ఆగకుండానే రీప్లే వేయడం సాధ్యమైంది. స్టంపింగు రీప్లే మనం చూస్తున్నంతసేపూ తర్వాతి బంతి కూడా పట్టుబడుతూనే ఉండాలి కదా.

ఇళ్ళలోకి ఈ విద్యను తెచ్చింది టీవో పెట్టె. సిలికాన్ గ్రాఫిక్స్‌లో పనిచేసిన మైక్ రామ్సే, జిమ్ బార్టన్ పెట్టిన ఆ కంపెనీ 1999 మార్చి 31న మొదటి పెట్టెల్ని పంపింది. లోపల లినక్సు, ఒక హార్డు డిస్కు. చూస్తున్న చానెల్ తాలూకు గడిచిన 30 నిమిషాలు ఎప్పుడూ డిస్కు మీద వలయంలా తిరుగుతూ ఉండేవి. పాతది చెరిపి కొత్తది రాసేది. పాజ్ నొక్కి, తలుపు తీసి వచ్చి, ఆపిన చోటి నుంచే చూడవచ్చు.

మామూలు కంప్యూటర్లో మాత్రం చిక్కు డిస్కుది కాదు, ఫైలుది. ఎంపీ4 సంగతి చూడండి. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక మూవ్ అనే భాగంలో ఉంటుంది. రికార్డింగు అయిపోతేగానీ దాన్ని పూర్తిగా రాయడం మామూలుగా కుదరదు. అందుకే సగంలో ఉన్న ఎంపీ4 చాలా ప్లేయర్లలో తెరుచుకోదు. మధ్యలో కరెంటు పోతే గంటసేపు తీసింది కూడా తెరుచుకోకపోవచ్చు.

దీనికి జవాబు శాటిలైట్ ప్రసారాల కోసం 1990ల్లో రూపొందిన ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో అప్పటికే ఉంది. ఎవరు ఏ క్షణాన టీవీ ఆన్ చేస్తారో ప్రసారం చేసేవాడికి తెలియదు. కనుక మొదలూ చివరా చూడనివాడికి కూడా అర్థమయ్యేలా దాన్ని కట్టారు. ప్రవాహమంతా 188 బైట్ల ముక్కలు. గూడ్సు బండిలో ప్రతి పెట్టెకూ విడిగా చీటీ అంటించినట్టు, ఒక్కో ముక్క ముందూ 4 బైట్ల శీర్షిక. ఏ ముక్కల్లో బొమ్మ, వేటిలో మాట అని చెప్పే పట్టికలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి; గడియారం గుర్తు సెకనుకు కనీసం 10 సార్లు వస్తుంది. చివర లేకపోయినా ఆ ఫైలుకు లోటు లేదు. ఆగిపోయినంతవరకూ ఆడుతుంది.

ఇక చదవడం, రాయడం ఒకేసారి. సెకనుకు 4 మెగాబిట్ల ఎంపెగ్-2 వీడియో అంటే అర మెగాబైటు, గంటకు 1.8 గిగాబైట్లు. రాసేది అంతే, చదివేది అంతే. 1999 నాటి డిస్కుకు ఇది బరువేమీ కాదు. హెడ్ అటూ ఇటూ పరుగెత్తడానికి పట్టే మిల్లీసెకన్లే బరువు. కాబట్టి డేటాను మెమరీలో పోగుచేసి పెద్ద పెద్ద దఫాలుగా రాస్తారు. ఇద్దరికీ పోటీ వస్తే మొగ్గు రాసేవాడికే ఇవ్వాలి. చదివేవాడు ఆగితే బొమ్మ ఒక క్షణం నిలుస్తుంది, రాసేవాడు ఆగితే ఆ దృశ్యం మరి దొరకదు. ఈ ఏర్పాటు మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే నియమం ఇదే.

ప్లేయరుకూ కొత్త బుద్ధి కావాలి. తెరిచినప్పుడు చూసిన ఫైలు పొడవునే నమ్మితే అక్కడికి చేరగానే అయిపోయిందని ఆగిపోతుంది. పెరుగుతోందేమోనని మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి. రికార్డు చేసే ప్రోగ్రాము కూడా ఫైలును తన ఒక్కదానికే తాళం వేసుకోకూడదు. జర్మనీలో క్లాస్ ష్మిడింగర్ 2000లో మొదలుపెట్టిన వీడీఆర్, 2002లో ఐజాక్ రిచర్డ్స్ మొదలుపెట్టిన మిత్‌టీవీ ఈ పనులన్నీ ఇంటి కంప్యూటర్ చేత చేయించి, ఉచితంగా అందరికీ ఇచ్చాయి. ట్యూనర్ కార్డు ఉంటే చాలు.

ఇప్పుడు ఆ డిస్కు ఇంట్లోంచి సర్వరుకు మారింది. 2009లో యాపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో ప్రసారం కొన్ని సెకన్ల చిన్న ఫైళ్ళుగా తెగుతుంది. వాటి జాబితా కొత్త ముక్క వచ్చిన ప్రతిసారీ పెరుగుతుంది. మొదట్లో ఆ ముక్కలు కూడా ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లే. రాజంపేటలో చెల్లెలి పెళ్ళి యూట్యూబులో లైవ్ పెడితే, జాబ్రియాలో డ్యూటీ దిగి 40 నిమిషాలు ఆలస్యంగా ఫోను తెరిచిన అన్న జీలకర్ర-బెల్లం దగ్గరికి వెనక్కి జరిపి చూడగలడు. వేగం ఒకటిన్నర రెట్లు పెడితే 80 నిమిషాల్లో లైవ్‌ను అందుకుంటాడు. తలంబ్రాల దగ్గర మాత్రం మామూలు వేగానికి తెచ్చి చూసుకున్నా, అందుకోవడం ఇంకాస్త ఆలస్యమవుతుంది, అంతే.