రియాద్‌లో ఫీజు, టోలీచౌకీలో అద్దె

హైదరాబాద్ టోలీచౌకీలోనూ, నిజామాబాద్, కరీంనగర్ మొహల్లాల్లోనూ సౌదీ డబ్బుతో చెల్లెళ్ల నికాహ్‌లు జరిగాయి, మిద్దెలు లేచాయి, తమ్ముళ్లు ఇంజనీరింగ్ చదివారు. ఆ డబ్బు వెనుక ఉన్నది ముడిచమురు. 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్లు దాటి పలికిన చమురు 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి పడిపోయింది.

ఖజానాకు కొత్త రాబడి వెతుక్కున్న సౌదీ ప్రభుత్వం 2017 జూలై నుంచి విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై ఫీజు విధించింది. మనవాళ్లు దాన్ని ఫ్యామిలీ ట్యాక్స్ అన్నారు. మొదట తలకు నెలకు 100 రియాళ్లు. ఏటా మరో 100 చొప్పున పెరిగి 2020కి 400 అయింది. వినడానికి చిన్న మొత్తమే. లెక్క వేసి చూద్దాం. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవారికి మొదటి రేటున ఏడాదికి 4,800 రియాళ్లు, 2020 రేటున 19,200. నెలకు 5,000 రియాళ్లు తెచ్చుకునే అకౌంటెంటుకు అది దాదాపు నాలుగు నెలల జీతం. అదీ ఇఖామా రెన్యువల్‌కు ముందే కట్టాలి. పైగా 2018 జనవరిలో 5 శాతంతో మొదలైన వ్యాట్ 2020 జూలైలో 15 శాతమైంది.

ఒంటరిగా ఉండే మేస్త్రీకి ఈ ఫీజు లేదు. అతనికి దెబ్బ మరో దారిన వచ్చింది. ఒక్కో విదేశీ కార్మికుడికి యజమాని కట్టే లెవీ 2018లో నెలకు 300, 400 రియాళ్లుంటే, 2020లో 700, 800కు చేరింది. అది భరించలేని యజమాని ముందు తగ్గించుకునేది మనుషుల్నే కదా!

కుటుంబంతో ఉన్నవారిలో చాలామంది భార్యాపిల్లల్ని ఇంటికి పంపి తాము అక్కడే ఉండిపోయారు. జీతం ఒకటే, సంసారాలు రెండు. అక్కడ గది అద్దె, ఇక్కడ ఇంటి అద్దె, పిల్లలకు కొత్త బడిలో డొనేషన్. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు పెద్ద తరగతుల్లో చేరి తెలుగు అక్షరాలు దిద్దుకోవలసి వచ్చింది.

ఏ దేశమైనా తన ఖజానా తాను చూసుకుంటుంది. సౌదీని తిట్టి లాభం లేదు. మన ఇళ్లలో సంగతి చూద్దాం. భార్యాపిల్లల పోషణ భర్త బాధ్యతే. కానీ తాహతుకు మించి మోయమని షరీఅత్ ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చిన కోడలిని "మావాడి సంపాదనంతా నీ ఖర్చులకే సరిపోతోంది" అని దెప్పే అత్తలున్నారు. ఆడబిడ్డ పెళ్లికి మునుపటిలాగే పెద్ద ఫంక్షన్ హాలు కావాలని పట్టుబట్టే ఇళ్లున్నాయి. ముందుగా అబ్బాయికి ఫోన్ చేసి, ఇఖామాకు ఎంత పోతోందో అడగండి. అమ్మీ బాధపడుతుందని చాలామంది ఈ లెక్క ఇంట్లో చెప్పరు.