రోగికి తోడుండే వారి మనోవేదనకూ వైద్యం అవసరం

మార్కాపురం: మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి తదితర ప్రాంతాలలో వర్షాభావంతో పాటు భూగర్భజలాలలోని ఫ్లోరైడ్ దీర్ఘకాలిక సమస్యగా ఉన్నది. ఫ్లోరోసిస్ వలన కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోయినవారు, మూత్రపిండాల వ్యాధిగ్రస్తులు ఉన్న ఇళ్లలో ఎవరో ఒకరు పగలు పలకల కార్ఖానాలోనో, పొలంలోనో పనిచేసి, మిగిలిన సమయమంతా రోగి సేవలో గడపవలసి వస్తున్నది. ఈ సేవకు వేతనం లేదు, సెలవు లేదు.

డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు, మూడు పర్యాయాలు, ప్రతిసారీ సుమారు 4 గంటలు జరుగుతుంది. రాకపోకలతో కలిపి చూస్తే తోడు వెళ్లినవారికి ఆనాటి కూలి పోయినట్లే. ఈ భారం అధికంగా స్త్రీలపైనే పడుతున్నది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం 15-59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం మంది కుటుంబసభ్యుల సంరక్షణలో పాల్గొంటూ రోజుకు సుమారు 140 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పురుషులలో ఇది 21.4 శాతం, 74 నిమిషాలు మాత్రమే. పసిబిడ్డల పెంపకం కూడా ఇందులో చేరి ఉన్నది.

మనసు అలసే తీరు

రాత్రి నిద్ర తెగిపోవడం, పగటి ఆదాయం తగ్గడం, అప్పుల చింత ఒకదానికొకటి తోడవుతాయి. రోగిపై విసుగు కలుగుతుంది. విసుక్కున్నందుకు తప్పు చేసిన భావన వెంటాడుతుంది. బయటకు చెబితే సేవ చేయడానికి కష్టపడుతున్నారని లోకం అనుకుంటుందన్న సంకోచంతో చాలామంది మౌనం వహిస్తారు. దిగులు, నిరాసక్తత, నిద్రలేమి, ఆకలి మందగించడం వంటివి రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ కొనసాగినచో అది కేవలం అలసట కాకపోవచ్చును. అది కుంగుబాటు కావచ్చును గనుక వైద్యుని సంప్రదించవలెను.

చేయదగినవి

* సేవాభారాన్ని ఒక్కరిపైనే మోపరాదు. హైదరాబాదు, బెంగళూరులకు వలస వెళ్లిన తోబుట్టువులు డబ్బు పంపడంతో సరిపెట్టక, వంతులవారీగా కొన్ని రోజులు వచ్చి ఉండవలెను.

* 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవలో 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి, రాత్రింబవళ్లు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చును. రోగులే కాక వారిని చూసుకునేవారు కూడా ఈ సేవను పొందవచ్చును. ఆత్మహత్య ఆలోచన కలిగినచో జాగు చేయరాదు.

* రాష్ట్ర ప్రభుత్వం 2024లో పింఛన్లను పెంచింది. అర్హులైన డయాలసిస్ రోగులకు నెలకు రూ.10,000 పింఛను అంతకు ముందు నుంచే ఉండగా, పక్షవాతంతో మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి రూ.15,000గా నిర్ణయించడం జరిగింది. ఇవి రోగి పేరిట వచ్చునవే అయినను, తోడుండేవారి ఆర్థికచింతను కొంత తగ్గించగలవు.

రోగిని పరామర్శించడానికి వెళ్లిన బంధుమిత్రులు, ఆశ కార్యకర్తలు సేవ చేస్తున్నవారి నిద్రాహారాలను గురించి కూడా అడిగి తెలుసుకొనవలెను. వారి ఆరోగ్యం నిలిచిననాడే రోగికి ఆసరా నిలుస్తుంది.