భువనగిరి కొండపై నొక పగలు

"కొండ యెక్కుట మనవంటివారికి సాధ్యమా?" అని ప్రక్కయింటి యిల్లాలు మమ్ము నడిగినది. పోయిన ఫాల్గుణమున మేమును సాధ్యము గాదనియే తలచి సగము దారినుండి మరలివచ్చితిమి. తప్పు మోకాళ్లది కాదు, వేళది. వంట ముగించి, పిల్లలకు పెట్టి, ఆలస్యపుబండికి బయలుదేరితిమి. కొండమొదలు చేరుసరికి పండ్రెండు గంటలు. నీడలేని రాయి పెనమువలె కాగుచుండెను. ముగ్గురకు నొక్క సీసా నీరు! మా యాడబిడ్డకు కన్నులు తిరుగగా మెట్లపై గూర్చుండబెట్టి, చెంగుతో విసరి, మెల్లగా దింపుకొని వచ్చితిమి. ఇంటికడ మా యత్తగా రేమియు ననలేదు. అనకుండుటయే మాకు బాధ.

మార్గశిరమున మరల పోయితిమి. ఈసారి ముందుగా విచారించినది తిరుగుబండి వేళ. అక్కడనుండి వెనుకకు లెక్క పెట్టితిమి: స్టేషనుకు నడక అరగంట, దిగుటకు గంట, పైన గంట, ఎక్కుటకు గంటన్నర, అలసటకు మరియొక గంట. అట్లు లెక్కింపగా తెల్లవారుబండియే గతి యని తేలినది. పులిహోర రాత్రియే కలిపి యుంచితిమి.

భువనగిరి సికింద్రాబాదునుండి కాజీపేటకు బోవు మార్గమున నున్నది. నల్లగొండబండి పగిడిపల్లివద్ద నీ మార్గమున గలిసి సికింద్రాబాదువైపు మరలును గనుక, ఆ సోదరీమణులు బీబీనగరమున బండి మారవలెను. తమబండి యచ్చట నాగునో లేదో ముందే యడుగవలెను. పాలమూరువారు సికింద్రాబాదు మీదుగా రావలెను.

2016 వరకు నల్లగొండ జిల్లాలో నుండిన యీ యూర, సుమారు 500 అడుగుల యేకశిలపై దుర్గమున్నది. దానిని గట్టించినవాడు త్రిభువనమల్లుడను బిరుదుగల పశ్చిమచాళుక్యరాజు ఆఱవ విక్రమాదిత్యుడు. 2014 మే 25న పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ మొదట రాయి యెక్క నేర్చినదియు నిచ్చటనే. మనకు త్రాళ్లు వలదు, మెట్లున్నవి.

మనిషికి రెండు సీసాల నీరుండవలెను. వాన కురిసిన దినమున పోరాదు; నున్నని రాయి జారును. చెప్పులకంటె రబ్బరు అడుగుల బూట్లు మేలు. చీరక్రింద బూట్లు చూచి నవ్వువారు నవ్వుదురు గాక. ఎక్కుటకంటె దిగుటయే మోకాళ్లకు కష్టము, తొందరపడరాదు.

పైన గోడనీడలో మా యాడబిడ్డ పులిహోర తినుచు దటాలున లేచి, "వదినా, అదిగో బండి పోవుచున్నది, మనది కాదు గదా!" అనినది. మనదానికి ఇంకను మూడు గంటలున్నవని చెప్పి, రెండవ ముద్ద చేతిలో బెట్టితిమి.